మునగడమే నా పని

నేను ఒక పళ్లాన్ని. ఆ మాట వినగానే మీ చూపు వంటింటి వైపు పోతుందని నాకు తెలుసు. అందుకే ముందే చెప్పేస్తున్నాను, నాలో ఇంతవరకు ఎవరూ అన్నం తినలేదు, ఇకముందు తినరు కూడా. జానెడు వెడల్పున్న గుండ్రటి ఇనుప రేకును నాలుగు పాళ్లుగా గీసి, ఎదురెదురుగా ఉన్న రెండింటికి నల్లరంగు, మిగతా రెండింటికి తెల్లరంగు వేస్తే తయారైనదాన్ని నేను. నడుమ ఒక బెజ్జం, బెజ్జంలోంచి ముడులు వేసిన తాడు, అడుగున వలకు కట్టే సీసపు గుండ్లు. నా ఒంటి మీద నగలన్నీ అవే. వాటితోనే ఈ గోదావరి జిల్లాలో ఎన్నో చెరువులకు తరగతులు తేల్చాను. గొప్పలు చెప్పుకుంటున్నానని మీకనిపిస్తే అనిపించనివ్వండి, నిజంగానే చెప్పుకుంటున్నాను.

నా పని వినడానికి సులువు. పడవలో నీడ పడే వైపు కూర్చుని నన్ను మెల్లగా నీళ్లలోకి వదులుతారు. నేను దిగుతూ ఉంటాను. పైనుంచి చూసేవాళ్లకు ముందు నా నలుపు నీళ్లలో కలిసిపోతుంది, తర్వాత తెలుపు మసకబారుతుంది, ఆ తర్వాత నేను కనబడను. అక్కడ తాడు మీద వేలు పెట్టి, కాస్త పైకి లాగి, మళ్లీ కనబడిన చోటు కూడా గుర్తుపెట్టుకుని, రెండింటి నడిమి లోతును లెక్కలోకి తీసుకుంటారు. ఆ లోతు ఎక్కువైతే నీరు తేట. తక్కువైతే నీళ్లలో ఏదో ఉన్నట్టు. ఊళ్లో ప్రతి వస్తువుకూ నలుగురికీ కనబడాలనే యావ. కొట్ల బోర్డులు, పెళ్లి పందిళ్లు, నాయకుల బొమ్మలు, అన్నీ మమ్మల్ని చూడండి, మమ్మల్ని చూడండి అని గోల పెడుతుంటాయి. కనబడకుండా పోవడానికే పుట్టినదాన్ని బహుశా నేనొక్కదాన్నే. ఆ పనిలో నన్ను మించినవాళ్లు ఈ జిల్లాలో లేరు.

నేను నేను కాకముందు ఒక నూనె పీపా మూతను. పట్నంలో ఒక వెల్డింగు షాపు వెనక, వానకు తడుస్తూ పడి ఉండేదాన్ని. డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేడిశెట్టి హైమవతి గారు ఒకరోజు ఆ షాపుకు వచ్చారు. జిల్లాలోని చెరువులన్నిటినీ నీటి మంచిచెడ్డలను బట్టి తరగతులుగా విడదీయాలని ఆవిడ పూనుకున్నారు. దానికి కావలసిన పళ్లెం తెప్పించమని కాలేజీలో అడిగితే, వచ్చే ఏడాది చూద్దామన్నారట. వచ్చే ఏడాది దాకా ఆగే మనిషి కారు ఆవిడ. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ తుక్కులోకి దిగి, నన్ను తిరగేసి మరగేసి చూసి, "ఇది చాలు, గుండ్రంగా కోసిపెట్టండి" అన్నారు. తుక్కులోంచి నన్ను ఏరుకున్న చెయ్యి చదువుకున్న చెయ్యి కావడం నాకు చాలా నచ్చింది.

అక్కణ్నుంచి రంగులకోసం ఖాదర్ దగ్గరికి వెళ్లాం. ఖాదర్ బోర్డులు రాసే పెయింటరు. ఆ వీధిలో బియ్యం కొట్టు దగ్గర్నుంచి పళ్ల డాక్టరు దాకా అక్షరాలన్నీ అతని చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక అతనికి పని తగ్గింది, పొగరు మాత్రం తగ్గలేదు. నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏంటి మేడం ఇది, ఏదైనా కంపెనీ గుర్తా?"

"కాదండీ. చెరువులోకి దింపడానికి."

"నీళ్లలో ముంచేదానికి రంగెందుకు మేడం?"

"ఎక్కడ కనబడకుండా పోతుందో చూడ్డానికి."

ఖాదర్ కుంచె కింద పెట్టి ఆవిడ ముఖంలోకి చూశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నలుగురికీ కనబడాలని రంగులేసిన మనిషికి ఈ మాట మింగుడుపడలేదు. చుట్టూ ఎర్ర బార్డరు వేస్తానని, అది లేకపోతే సగంలో వదిలేసినట్టుంటుందని బతిమాలాడు. ఆవిడ వద్దన్నారు. పోనీ తెల్లరంగు మీద చిన్న పువ్వు వేస్తానన్నాడు. అదీ వద్దన్నారు. చివరికి ఎవరికీ కనబడని చోట, నా అడుగున, అలవాటు ప్రకారం తోక తిప్పి 'ఖాదర్ ఆర్ట్స్' అని సంతకం పెట్టుకున్నాడు. చేపలు చదువుకుంటాయిలెండి అని హైమవతి గారు నవ్వి ఊరుకున్నారు. కంపెనీ పళ్లాలు చాలా ఉంటాయి గాని, చిత్రకారుడి సంతకం ఉన్నది నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఆవిడ నన్ను ముందుగా మన్యంలో ఒక కొండచెరువుకు తీసుకెళ్లారు. ఆ నీళ్ల చల్లదనం ఇప్పటికీ నా రేకులో ఉంది. దిగాను, దిగాను, తాడు మీద ముడులన్నీ అయిపోవచ్చాయి, ఆవిడకు నేనింకా కనబడుతూనే ఉన్నాను. "ఇంకా ఉంది, అదిగో ఇంకా ఉంది!" అని పడవ ఊగిపోయేలా కేకలు పెట్టారు. పడవ నడిపే మనిషి భయపడి ఆవిణ్ని కూర్చోమన్నాడు. చివరికి అడుగున గులకరాళ్లకు దగ్గరగా పోయి కనుమరుగయ్యాను. నా జన్మకు అంత మర్యాద జరిగిన రోజు అదే అనుకున్నాను.

ఇక్కడ మీకు కాస్త చదువు చెప్పాలి. నీళ్లకూ తిండి ఉంటుంది. పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువు, పెంట, ఊరి మురుగు, ఇదంతా నీటికి తిండి. తిండి తక్కువైన చెరువులో పాచి పెరగదు, నీరు తేటగా ఉంటుంది. తిండి సరిపడా ఉంటే కాస్త పాచి, కాసిని చేపలు, అన్నీ ఒద్దికగా బతుకుతాయి. తిండి ఎక్కువైతే నీరు పచ్చబడుతుంది. మరీ ఎక్కువైతే ఆ పాచి నీటినంతా కమ్మేసి, ఎండ లేని రోజుల్లో చేపలు పీల్చే గాలిని కూడా తానే పీల్చేస్తుంది. ఈ నాలుగింటికీ పుస్తకాల్లో నాలుగు పేర్లున్నాయి. అల్పపోషకం, మధ్యపోషకం, సుపోషకం, అతిపోషకం. ఈ పేర్లు ఎవరు పెట్టారో నాకు తెలియదు గాని, చెరువు గట్టున నిలబడి పెట్టలేదని మాత్రం ఖాయంగా చెప్పగలను. తర్వాత జరిగిన రభసంతా ఆ పేర్ల వల్లే జరిగింది.

ఇంకో మాట కూడా చెప్పకపోతే బాగుండదు. నా ఒక్కదాని మాట మీదే తరగతి తేల్చరు. సీసాల్లో నీళ్లు పట్టి కాలేజీకి తీసుకెళ్లి పరీక్ష చేస్తారు. వరదలొచ్చినప్పుడు ఎర్రమట్టికి కూడా నేను కనబడను కాబట్టి, అడ్డుపడింది మట్టో పాచో తేల్చాల్సింది ఆ సీసాలే. ఒప్పుకుంటాను. కాకపోతే సీసాలు నోరు విప్పడానికి రోజులు పడుతుంది, నేను అక్కడికక్కడే చెప్పేస్తాను.

మా వైపు పల్లంలో నీరు నిలిచే పెద్ద మడుగును ఆవ అంటారు. తుంగలమెట్ట ఆవ అలాంటిదే. దాని ఒడ్డున చేపలు పట్టుకుని బతికే కుటుంబాలన్నీ కలిసి ఒక సొసైటీ పెట్టుకున్నాయి. ఏటా బొచ్చె, శీలావతి చేపపిల్లలను ఆవలో వదిలి, అవి ఎదిగాక పట్టి అమ్ముకుంటారు. మేము వెళ్లడానికి ముందు ఏడాది వరదకు గట్టు తెగి చేపంతా కొట్టుకుపోయింది. అందుకని ఈసారి ఉన్నదంతా ఊడ్చి చేపపిల్లను వదిలారు. ఈ చేప చేతికందితే సొసైటీ నిలుస్తుంది, లేకపోతే వలలు అటకెక్కించి ఎవరి దారిన వాళ్లు ఊరు వదిలి కూలికి పోవాలి. ఈ మాట సొసైటీ ప్రెసిడెంటు సంగాడి నూకరాజు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు.

నూకరాజుకు ఈ లోకంలో ఇష్టమైనవి రెండు, ఆవ నీళ్లు, సన్మానాలు. ఎవరు పదో తరగతి పాసైనా, ఎవరికి బస్సు పాసు దొరికినా శాలువా కప్పేవాడు. గట్టు మీద రెండు కొబ్బరి చెట్ల మధ్య ఏదో ఒక ఫ్లెక్సీ లేని రోజు ఉండేది కాదు. అయినా పడవ మీద మాత్రం ఆ మనిషి వేరు. గెడ వేసే తీరులోనే తెలిసిపోతుంది నీళ్లను ప్రేమించేవాడెవరో. నన్ను మొదటిసారి తుంగలమెట్ట ఆవలో దింపింది అతని పడవలోంచే. మొలలోతుకు కాస్త అటూ ఇటూగా కనబడకుండా పోయాను. సీసాలు కూడా తర్వాత అదే మాట చెప్పాయి.

ఒక ఆదివారం హైమవతి గారు సొసైటీ రేకుల షెడ్డులో నిలబడి ఫలితాలు చదివారు. కింది నుంచి పైకి చదివారు, అక్కడ వచ్చింది చిక్కు. మన్యంలో కొండచెరువు అల్పపోషకం అనగానే, షెడ్డులో ఆడవాళ్లు అయ్యో పాపం అన్నారు. పక్క ఊరి చెరువు మధ్యపోషకం అంటే కొందరు ముసిముసిగా నవ్వారు. తుంగలమెట్ట ఆవ సుపోషకం అన్నారో లేదో, షెడ్డు రేకులు అదిరేలా చప్పట్లు. పట్నం మనిషి వచ్చి చెప్పింది గనుక మర్యాదకు కొడుతున్నారని ఆవిడ అనుకున్నారు. నూకరాజు లేచి నిలబడ్డాడు.

"దీనిపైన ఇంకేదైనా ఉందాండీ, మేడం గారూ?"

"అతిపోషకం ఉందండీ. అదృష్టం, ఇంకా అంతదాకా రాలేదు."

"కొద్దిలో పోయిందన్నమాట, ఆయ్," అన్నాడు నూకరాజు.

బస్సు హారను మోగింది. అది తప్పితే మళ్లీ సాయంత్రం దాకా బస్సు లేదు. ఆవిడ నన్ను సంచిలో పడేసుకుని పరిగెత్తారు. సంచిలోంచి నాకు వెనక మాటలు వినబడుతూనే ఉన్నాయి. తరగతి అంటే వాళ్లకు తెలిసింది పరీక్షల తరగతే. అల్పం అంటే తప్పినట్టు, మధ్య అంటే సెకండు క్లాసు, సు అంటే ఫస్టు క్లాసు, అతి అంటే ఇంకేముంది, డిస్టింక్షను. ఫస్టు క్లాసు దాకా వచ్చినవాళ్లం డిస్టింక్షను కొట్టలేమా అని షెడ్డులో అప్పుడే చర్చ మొదలైంది.

వాళ్లను తెలివితక్కువవాళ్లని అనుకోకండి. ఈ ప్రాంతంలో చేపలు పెంచేవాళ్లందరూ నీళ్లు కాస్త పచ్చబడితే మేత పడిందని సంతోషిస్తారు. అందులో తప్పు లేదు, కొలత తప్పనంతవరకు. గట్టుకు దగ్గరలోనే ఒక కోళ్ల ఫారం ఉంది. పెంట పోయడానికి చోటు లేక వాళ్లు ఊరికే ఇస్తామన్నారు. ట్రాక్టరు మీద ట్రాక్టరు దిగింది. నూకరాజు దగ్గరుండి ఆవలో పోయించాడు. చేపలు కూడా కొన్నాళ్లు దిట్టంగానే ఎదిగాయి, దాంతో అతని నమ్మకం ఇంకా గట్టిపడింది.

తర్వాత మేము వెళ్లేసరికి కొబ్బరి చెట్ల మధ్య ఫ్లెక్సీ కట్టి ఉంది. 'మన తుంగలమెట్ట ఆవ సుపోషక తరగతి సాధించిన శుభ సందర్భంగా' అని పెద్ద అక్షరాలు. ఒక పక్క హైమవతి గారి ఫొటో, రెండో పక్క అంతకంటే పెద్దగా నూకరాజు ఫొటో. ఆవిడ బస్సు మెట్టు మీదే నిలబడిపోయారు. డప్పులు మోగాయి. మెడలో బంతిపూల దండ పడింది, భుజాన శాలువా పడింది. ఆవిడ కళ్లు మాత్రం దండ మీద లేవు, ఆవ మీదే ఉన్నాయి. నీళ్లు గోరింటాకు రుబ్బి కలిపినట్టు ఉన్నాయి.

మైకు చేతికిచ్చారు. "ఇది మెచ్చుకోవలసిన సంగతి కాదండీ," అన్నారు ఆవిడ. "సుపోషకం అంటే ఆవకు జబ్బు మొదలైందని."

డప్పులు ఆగిపోయాయి. నూకరాజు ముఖం ఎర్రబడింది.

"అదేంటండీ, మేడం గారూ? మీరే కదండీ 'సు' అన్నారు? సుపుత్రుడంటే మంచి కొడుకు. సుముహూర్తం అంటే మంచి ముహూర్తం. సుపోషకం అనేసరికి జబ్బెలా అయిపోద్దండీ?"

ఆ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. హైమవతి గారు భాస్వరం అన్నారు, నత్రజని అన్నారు, పాచి రకాల పేర్లు చెప్పారు. క్లాసులో వెనక బెంచీలవాళ్లు ఎలా చూస్తారో ఊరంతా అలాగే చూసింది. శాలువా కప్పించుకుని తిట్టిపోయిందన్న మాట గట్టు మీద ఎవరో అననే అన్నారు. తిరుగు ప్రయాణంలో ఆవిడ నన్ను ఒళ్లో పెట్టుకుని, ఆ శాలువాతోనే నా తడి తుడిచారు. "మాట దొరకలేదు," అన్నారు, నాతోనే అన్నారనుకుంటాను, పక్క సీటు ఖాళీ. నీటిలో మునగడం తప్ప ఏమీ చేతకాని నాకు ఆవిణ్ని చూస్తే గుండె తరుక్కుపోయింది. రేకుకు గుండె ఏమిటని అడక్కండి.

శ్రావణంలో ముసురు పట్టింది. ఎండ మొహం చూడక రోజులైంది. ఎండ లేకపోతే ఆ పాచి ఏం చేస్తుందో ఆవిడకు తెలుసు. ఎవరూ పిలవలేదు, ఎవరూ డప్పు కొట్టలేదు. నన్ను సంచిలో వేసుకుని తొలి బస్సుకు తుంగలమెట్ట వచ్చేశారు.

గట్టు మీద ఊరంతా నిలబడి ఉంది. ఆవ మధ్యలో చేపలు మూతులు పైకెత్తి గాలి మింగుతున్నాయి. ఎటు చూసినా గుండ్రటి మూతులే. తుంగ పొదల దగ్గర కొన్ని అప్పటికే వెల్లకిలా తేలాయి. నూకరాజు భార్య సత్తెమ్మ మోకాలి లోతు నీళ్లలో వాటిని ఏరి తట్టలో వేస్తోంది. పట్నంలో చేపలు అమ్మే మనిషి ఆవిడ. నూకరాజు పడవలో కోళ్ల పెంట బస్తాలు సగం వరకు నింపి ఉన్నాయి. హైమవతి గారిని చూసి అతను పలకరించలేదు.

"ముసురు ఇడిసిపెడితే అన్నీ సర్దుకుంటాయి," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"సర్దుకుంటే మంచిదే," అని ఆవిడ చీర చెంగు దోపుకుని పడవెక్కారు. "నూకరాజు గారూ, నేను ఇక ఏమీ చెప్పను. ఈసారి తాడు మీరు పట్టుకోండి."

అతనికి ఇష్టం లేదు. ఊరంతా చూస్తోంది కాబట్టి పట్టుకున్నాడు. పడవ కాస్త లోపలికి పోయాక నన్ను నీళ్లలోకి వదిలాడు. నేను ఇలా తడిశానో లేదో అలా మాయమయ్యాను. తాడు ఎక్కడో చిక్కుకుందనుకుని పైకి లాగాడు. నేను బయటికొచ్చాను. మళ్లీ వదిలాడు. మళ్లీ అంతే. మొలలోతులో మాయమైన పళ్లెం ఇప్పుడు ముంచీ ముంచకముందే పోతోందేమిటో అతనికి అర్థం కాలేదు. నన్ను పట్టుకుని చూద్దామని నీళ్లలో చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా ముంచాడు.

"మేడం గారూ," అన్నాడు మెల్లగా, "నా చెయ్యేదండీ?"

ఆ అరచేతి కింద ఆ క్షణంలో నేనున్నాను. అతని వేళ్లు నా అంచు వెంట తడుముకుంటున్నాయి. పుట్టినప్పటి నుంచి ఈ నీళ్లలో ఈదిన మనిషి, ఈ నీళ్లు తాగి పెరిగిన మనిషి, తన వేళ్లు తనకు కనబడక వెతుక్కుంటున్నాడు. చెయ్యి పైకి తీస్తే వేళ్లకూ వేలి ఉంగరానికీ పచ్చటి పాచి పట్టి ఉంది.

"ఏంటయ్యా అది?" అని సత్తెమ్మ గట్టు దగ్గర్నుంచి కేకేసింది.

హైమవతి గారే జవాబు చెప్పారు. "తిండి ఎక్కువైపోయిందమ్మా ఆవకి. తిన్నది ఒంటికి పట్టకుండా నీళ్లలోనే నిలిచిపోయింది. అదే ఇప్పుడు చంపుతోంది."

సత్తెమ్మ తట్ట గట్టున పెట్టింది.

"అయితే ఆవకి షుగరొచ్చిందాండీ?"

పడవలో ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"నాకూ ఇలాగే అయింది కదండీ. రత్తంలో చెక్కెర ఎక్కువుందని డాక్టరు గారంటే, పోన్లే బలం పట్టింది కాబోలనుకున్నాను. కాలి మీద పుండు మానకపోతే అప్పుడు తెలిసింది." అని మొగుడి వైపు తిరిగి గొంతు పెంచింది. "షుగరొచ్చిన మనిషికి పూటకో పూతరేకు పెడతన్నావేంటయ్యా నువ్వు! దించు, ముందా బస్తాలు దించు!"

హైమవతి గారు నవ్వారు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు మైకు ముందు ఆవిడకు దొరకని మాట అదే. ఆ మాట గట్టు పొడవునా పాకిపోయింది. ఆవకి షుగరంట, ఆవకి షుగరంట అని అందరూ చెప్పుకున్నారు. ఏ ఇంట్లో చూసినా ఆ జబ్బున్నవాళ్లు ఒకరున్నారు. ఇక ఎవరికీ ఏమీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

నూకరాజు పచ్చపడ్డ తన చేతిని తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఈ చేప ఇంకా సగమే ఎదిగింది. ఇప్పుడు పడితే మంచి ధర రాదు, పట్టకపోతే తెల్లారేసరికి ఏదీ మిగలకపోవచ్చు. ఈ సొసైటీని నిలబెడతానని మాటిచ్చింది అతనే. "ఏం చెయ్యమంటారండీ?" అని అడిగాడు. ఆ గొంతులో సన్మానాల నూకరాజు లేడు.

ఆవిడ చెప్పారు, అతను చేయించాడు. బస్తాలు గట్టెక్కాయి. చేపల్లో పెద్దవాటిని ఏరి అప్పటికప్పుడు వల వేసి పట్టారు, మిగిలినవాటికి చోటూ గాలీ దొరకాలని. ఉన్న పడవలన్నీ అటూ ఇటూ తిరుగుతూ గెడలతో, తెడ్లతో నీళ్లను చిలికాయి. పొలాల నుంచి ఇంజన్లు తెచ్చి ఆవ నీళ్లనే ఎత్తి మళ్లీ ఆవలోకి చిమ్మారు. ఆడవాళ్లు కూడా నడుములోతు నీళ్లలో దిగి బిందెలతో ఎత్తి పోశారు. నేను పడవ అంచున తాడుతో సహా వేలాడుతూ అదంతా చూశాను. మర్నాడు మధ్యాహ్నం మబ్బు చీలి ఎండ వచ్చింది. మూతులు ఒక్కొక్కటే నీళ్లలోకి దిగిపోయాయి. కొన్ని చేపలు పోయాయి, చాలావరకు దక్కాయి. ఎవరూ ఊరు వదల్లేదు. ఆ సాయంత్రం నూకరాజు నన్ను తన తువ్వాలుతో తుడిచి హైమవతి గారి చేతికిచ్చాడు, రెండు చేతులతో ఇచ్చాడు.

ఆ తర్వాత ఇక పెంట ట్రాక్టర్లు ఆవ వైపు రాలేదు, కోళ్ల ఫారం మురుగు మోసుకొచ్చే కాలవను కూడా పొలాల వైపు మళ్లించారు. ఆ పెంట కోసం ఇప్పుడు రైతులు పోట్లాడుకుంటున్నారు. పథ్యం అంటే అంతే మరి, తొందరగా గుణం కనబడదు. ఏటా రంగు వెలిసిపోతే ఖాదర్ నాకు మళ్లీ రంగు వేసేవాడు, అడుగున సంతకం కూడా దిద్దేవాడు. ఏటా నన్ను దింపేవారు. మోకాలి లోతు అయింది, మళ్లీ మొలలోతు అయింది, ఛాతీ లోతు అయింది. నూకరాజు పుస్తకాల పేర్లు పక్కన పెట్టేసి తన పేర్లు తాను పెట్టుకున్నాడు. బక్క నీళ్లు, నికరమైన నీళ్లు, బొద్దు నీళ్లు, షుగరు నీళ్లు. హైమవతి గారు ఆ పేర్లను ఒక పెద్ద సభలో చదివితే, శాస్త్రీయంగా లేవని ఒకాయన అడ్డు తగిలారట. "మీకు అర్థమయ్యాయి కదండీ?" అని ఆవిడ అడిగారట. అర్థమయ్యాయని ఆయన ఒప్పుకోక తప్పలేదట. నేను ఆ సభలో లేను, సంచిలో ఉండిపోయాను.

కాలేజీవాళ్లు అన్న ఆ 'వచ్చే ఏడాది' ఎట్టకేలకు వచ్చింది. కంపెనీ పళ్లెం ఒకటి దిగింది, ప్లాస్టిక్కుది, నున్నగా, ముద్దుగా. అప్పటికి నా అంచులు తుప్పు పట్టాయి. అయినా ఆ ఏడాది తుంగలమెట్టలో నూకరాజు కొత్తదాన్ని సంచిలోంచి బయటికి తీయనివ్వలేదు. "దీంతోనే మొదలెట్టేం, దీంతోనే చూద్దామండీ," అన్నాడు. తాడు తనే పట్టుకున్నాడు. దిగాను. మొలలోతు దాటాను, ఛాతీ లోతు దాటాను, నిలువు లోతు దాటాను. పైన నూకరాజు ముఖం నీళ్ల మీదకు వంగి ఉంది, పెదాలు కదులుతున్నాయి. ఏమంటున్నాడో నాకు వినబడలేదు గాని తెలుసు. ఇంకా ఉంది, అదిగో ఇంకా ఉంది. మనిషి నిలబడి చెయ్యెత్తితే అందేంత లోతులో నేను మెల్లగా కనుమరుగయ్యాను. వారం తర్వాత సీసాలు కూడా నోరు విప్పాయి. తుంగలమెట్ట ఆవ ఇప్పుడు మధ్యపోషకం, నూకరాజు భాషలో నికరమైన నీళ్లు.

ఫ్లెక్సీ లేకుండా నూకరాజుకు నిద్ర పట్టదు. 'మన ఆవ ఒక తరగతి దిగిన శుభ సందర్భంగా' అని రాయించమని పట్నం పంపాడు. ఫ్లెక్సీ షాపు అతను అది అచ్చుతప్పు అనుకుని, పాపం మంచి మనసుతోనే, 'ఒక తరగతి ఎక్కిన' అని దిద్ది వేసిచ్చాడు. నూకరాజు దాన్ని చుట్టచుట్టి పట్టుకెళ్లి అతని ముందు పడేశాడు. దిగినందుకు ఎవరైనా ఫ్లెక్సీ వేయించుకుంటారా అని అతను. దిగినందుకేనయ్యా పండగ అని నూకరాజు. వీధంతా పోగై నవ్వింది. చివరికి నూకరాజు, "చెప్పింది చెప్పినట్టు రాసే మనిషి నాకు తెలుసు," అని, ఏటా నా అడుగున సంతకం చూసి ఎరిగిన ఖాదర్ దగ్గరికి వెళ్లాడు.

ఖాదర్ గుడ్డ మీద రాశాడు. దిగిన అన్న మాటను మిగతా అక్షరాలకంటే పెద్దగా రాశాడు. పక్కన ఆవ బొమ్మ వేశాడు. పడవ, పడవలో తాడు పట్టుకుని వంగిన మనిషి, నీళ్లలోకి నిటారుగా దిగిన పొడవాటి తాడు, ఆ తాడు కింద ఉత్త నీలం నీళ్లు. చుట్టూ ఎర్ర బార్డరు వేశాడు, ఈసారి హైమవతి గారు వద్దనలేదు. నూకరాజు బొమ్మను పైనుంచి కిందికి రెండు సార్లు చూశాడు.

"పళ్లెం ఏదయ్యా?"

"నీళ్లలో ఉందండి," అన్నాడు ఖాదర్.

ఎవరూ చూడని చోట సంతకం పెట్టుకున్న రోజు నుంచి ఖాదర్ దాచుకున్న మాట అదేనేమో. నాకైతే అంతకంటే పెద్ద సన్మానం ఎవరూ చెయ్యలేదు.

ఇప్పుడు నేను సొసైటీ షెడ్డులో ఒక మేకుకు వేలాడుతున్నాను. నా పని కొత్త పళ్లెం చేస్తోంది, బాగానే చేస్తోంది. నా పైన గోడకు ఖాదర్ గుడ్డ కట్టి ఉంది. చుట్టుపక్కల ఊళ్ల సొసైటీలవాళ్లు తమ చెరువులకు ఏం చెయ్యాలో అడగడానికి వస్తుంటారు. బొమ్మ చూసి, తాడు చివర ఏమీ లేదేంటని ప్రతివాడూ అడుగుతాడు. నూకరాజు గుడ్డ దగ్గరికి వెళ్లి, ఆ ఉత్త నీలం మీద వేలు పెడతాడు. "అదిగో, ఇక్కడుందండి. అంత లోతుకెళ్లింది మరి, ఎలా కనబడద్ది?" అంటాడు. అందరూ మెడలు సాచి ఆ నీళ్లలోకి చూస్తారు. కిందనే మేకుకు వేలాడుతున్న నన్ను ఒక్కడూ చూడడు. చూడకపోతే పోయె, వాళ్లు వెతుకుతున్నది నన్నే.